నీలాంబరికి చోటు

నౌపడ
ఫిబ్రవరి, 2012

ఒసే విశాలీ,

గొంతుకి ఆపరేషన్ అయిందని, ఎండలు ముదిరేదాకా పెదవి కదపొద్దని డాక్టర్ చెప్పారని మీ అమ్మగారు ఫోన్‌లో అన్నారు. నువ్వు పక్కనే ఉన్నావట. జవాబు రాదని తెలిసి కూడా నిన్ను పేరు పెట్టి పిలిచాను. అవతల గాజుల చప్పుడు వినిపించింది. అది నువ్వే కదూ?

అందుకే ఈ ఉత్తరం. మెసేజీల్లో మనిద్దరికీ పొసగదు. ఇక్కడ నెట్ సంగతి చెప్పక్కర్లేదు, సముద్రం మీది గాలిని బట్టి వస్తుంది, పోతుంది. పైగా నేనడగబోయేది నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు.

ఎచ్చెర్లలో ఎమ్సీయే ఆఖరి ఏడాది మనం చేసిన ప్రాజెక్టు మర్చిపోయి ఉండవు. ప్రోగ్రాం నువ్వు రాశావు, ఉప్పుమడుల సంగతులు నేను చెప్పాను. చదువయ్యాక నాన్నగారి ఉప్పు వ్యాపారంలోకి వచ్చిపడి దాన్ని నిజంగానే పెట్టించాను. టెక్కలి వైపు కొండ దగ్గరున్న పరికరం గాలినీ తేమనీ చూసి కబురు పంపుతుంది. మడుల్లో మూడు చోట్ల కట్టిన మైకుల్లోంచి నా గొంతు "వాన వస్తోంది, ఉప్పు కప్పుకోండి" అని అరుస్తుంది. కాలం కాని వాన ఒక్కటి పడిందంటే నెలల కష్టం మళ్లీ నీళ్లయిపోతుంది కదా. నిరుడు రెండుసార్లు నీ ప్రోగ్రాం ఉప్పుని కాపాడింది.

మొన్న దాన్ని నడిపే కంప్యూటర్ ఉప్పుగాలికి తుప్పు పట్టి పోయింది. ఒక ల్యాబ్ వాళ్లు తీసేసిన పాత పెట్టె తెచ్చుకున్నాను. అందులో ఫ్రీబీఎస్డీ అనే వేరే సిస్టమ్ ఉంది. అదే ప్రోగ్రాం ఎక్కించాను. లేవనంటోంది. షేర్డ్ మెమరీ ఇవ్వలేనని, 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని ఒకే మాట పట్టుకుని కూర్చుంది. నేనేం తప్పు చేశానో చెప్పు. మడులకి నీళ్లు పెట్టేశారు. ఉప్పు తేలడం మొదలైంది.

నీ
అనూరాధ


విజయనగరం
ఫిబ్రవరి, 2012

అనూ,

గాజులు నావే.

మాట్లాడకుండా ఉండటం మొదట్లో ఉక్కగా అనిపించింది. ఇప్పుడు నీళ్లలో మునిగి కళ్లు తెరిచినట్టుంది. అందరూ దూరంగా, మెత్తగా కదులుతూంటారు. ఒక పలక మెడలో వేసుకుని తిరుగుతున్నాను. కాఫీ కావాలంటే రాస్తాను, కావలసింది అంతకన్నా పెద్దదైతే రాయను. పొద్దున్నే తాతగారు ఫిడేలు తీసి నా శ్రుతికి సరిచేసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. కాసేపయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. నన్ను ఏమీ అడగరు.

నీ పెట్టె సంగతి. నువ్వు తప్పేం చేయలేదు. సిస్టమ్ ఒక్కో ప్రోగ్రాంకీ తనదంటూ ఒక గది ఇస్తుంది. ఒకరి గదిలోకి ఒకరు తొంగి చూడటానికి లేదు. మన మైకులు మూడు, వాటిని నడిపేవి మూడు ప్రోగ్రాములు. అన్నిటికీ ఒకే ధ్వని ఒకే క్షణంలో అందాలి, లేకపోతే ఒకటి ముందూ ఒకటి వెనకా పలికి మడులంతా గోల. అందుకని మూడు గదులకీ కలిపి ఒక వసారా అడిగాను. అదే షేర్డ్ మెమరీ. ఎవరో ఒకరు మెమరీ మొత్తాన్ని వసారా చేసేసుకుంటే మిగతావాళ్లకి చోటుండదు కాబట్టి, వసారా ఎంత పెద్దదిగా ఉండొచ్చో సిస్టమ్ ముందే హద్దు పెడుతుంది. పాత కంప్యూటర్‌లో హద్దు పెద్దది. దీంట్లో చిన్నది, ముప్ఫై రెండు ఎంబీలు ఉంటుంది. అంతకుమించి అడిగితే 'ఇన్వాలిడ్' అనేస్తుంది.

నాకొకటే అర్థం కావడంలేదు. నేను రాసినప్పుడు అది ఒక ఎంబీ కూడా అడిగేది కాదు. ఇప్పుడు ఎంత అడుగుతోందో చూసి రాయి.

విశాలి


నౌపడ
ఫిబ్రవరి, 2012

విశాలీ,

చూశాను. దగ్గర దగ్గర నలభై ఎంబీలు అడుగుతోంది. కొండ దగ్గర పరికరాలు పెంచాం కదా, ఆ లెక్కలన్నీ చేరి ఉంటాయి. అదంతా నీకెందుకు, హద్దు ఎలా జరపాలో చెప్పు చాలు.

ఇక్కడ సాయంత్రాలు ఎలా ఉంటున్నాయో నువ్వు చూడాలి. నీళ్లు పలచగా నిలిచి ఆకాశం మొత్తం మడుల్లోకి దిగిపోతుంది. తేలినీలాపురం వైపు పోయే పక్షులు పైన ఒకసారి, కింద ఒకసారి ఎగురుతాయి. సూరయ్య పారతో ఉప్పు లాగుతూంటే మబ్బుల్ని ఒక పక్కకి పోగు చేస్తున్నట్టుంటుంది. సూరయ్య మా మడుల్లో అందరికన్నా పాతవాడు. ఆయనా, లక్ష్మణమ్మా నాకు ఈ పని నేర్పినవాళ్లు.

నీ గొంతు ఎప్పటికి బాగవుతుందన్నారు? అది రాయలేదేం?

అనూ


విజయనగరం
మార్చి, 2012

అనూ,

జిల్లాలో ఉన్న వాన కొలతలన్నీ తెచ్చిపోసినా నలభై ఎంబీలు కావు. నీకు అబద్ధం చెప్పడం ఎచ్చెర్లలోనే రాదు.

నేను ఆ ప్రోగ్రాంలో ధ్వనిని కుదించకుండా పెట్టాను. సీడీలో ఉన్నంత స్పష్టంగా, రెండు చెవులకీ వినపడేలా పెడితే నిమిషానికి పది ఎంబీలు. అంటే నీ వసారాలో నాలుగు నిమిషాల ధ్వని ఉంది. "వాన వస్తోంది, ఉప్పు కప్పుకోండి" అనడానికి అయిదు సెకన్లు చాలు.

నాలుగు నిమిషాల పాటు మీ మైకులు ఏం చెబుతున్నాయి, అనూ?

విశాలి


నౌపడ
మార్చి, 2012

విశాలీ,

నిన్నే చెబుతున్నాయి.

హాస్టల్ మేడ మీద ఒక సాయంత్రం నువ్వు నీలాంబరి ఆలాపన చేశావు. కరెంటు లేదు. బట్టలు తీయడానికి వచ్చిన పిల్లలు తీగల కిందే కూర్చుండిపోయారు. ప్రాజెక్టు కోసం తెచ్చిన రికార్డర్ నా చేతిలో ఉంది. నొక్కేశాను.

మైకులు పెట్టిన కొత్తలో అవి గరగరమంటే చాలు, జనం గుండెలు పట్టుకునేవారు. అవి నోరు తెరిస్తే చెడ్డ కబురే కదా. లక్ష్మణమ్మ ఒకరోజు నాతో అంది, "ఏటమ్మా, అది పలికితే వానే గానీ మంచి మాట రాదేటి? రేపు వాన లేదని కూడా ఓపాలి సెప్పించకూడదా?" వాన లేదని రోజూ నా గొంతుతో ఏం అరవను? నీ ఆలాపన పెట్టాను. రేపటికి వాన సూచన లేకపోతే పొద్దు వాలే వేళకి మూడు మైకుల్లోంచీ నీలాంబరి వస్తుంది. అది విని పారలు కడుక్కుని ఇళ్లకి పోతారు. ఎవరు పాడారో వాళ్లకి తెలియదు. 'నిద్ర పాట' అంటారు.

నీకు చెప్పి నవ్వుదామనుకుంటూండగానే నీ గొంతులో కాయలు కాశాయని తెలిసింది. తర్వాత ఆపరేషన్. ఇంక ఎలా చెప్పను? నీకు లేనిది నా దగ్గర పెట్టుకుని రోజూ వింటున్నానని ఎలా రాయను?

అనూ


విజయనగరం
మార్చి, 2012

అనూరాధా,

తీసెయ్యి.

డాక్టర్ ఆపరేషన్ అయిన వారానికే చెప్పేశారు. మాట వస్తుందట, బొంగురుగా. పాట రాదట. పై స్థాయి అసలే రాదట. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందరూ ఎండాకాలం కోసం ఎదురు చూస్తున్నారు. తాతగారు రోజూ ఫిడేలు నా శ్రుతికి సరిచేస్తున్నారు.

ఆ గొంతు ఇప్పుడు లోకంలో లేదు. లేనిదాన్ని మైకులో పెట్టి రోజూ సాయంత్రం పిలవకు. పాట ఫైలు తీసేస్తే ప్రోగ్రాం పాత హద్దులోనే లేస్తుంది. నీ వాన కబుర్లు నీకు వస్తాయి.

విశాలి


నౌపడ
ఏప్రిల్, 2012

విశాలీ,

నీ ఉత్తరం అందిన రోజే తీసేశాను. ప్రోగ్రాం మారు మాట్లాడకుండా లేచింది. చాలా రోజులు నీకు రాయలేకపోయాను. ఏం రాసినా ఓదార్పులా ఉంటుందేమోనని.

ఇప్పుడు కూడా నిన్ను ఏమీ అడగడానికి కాదు. ఇక్కడ జరిగేది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మొన్న సాయంత్రం మడుల దగ్గరికి వెళ్తే ఎవరూ ఇళ్లకి పోలేదు. ఆకాశం అద్దంలా ఉంది. అయినా సూరయ్య వాళ్లు ఉప్పు రాశుల మీద తాటాకులు పరుస్తున్నారు.

"వాన లేదు కదా సూరయ్యా, ఎందుకు కప్పుతున్నావు?" అన్నాను.

"లేదని నీకెవులు సెప్పినారు తల్లీ?"

"మైకు ఏమీ అనలేదు కదా."

"అదే గదా నానూ అంతన్నాను. అది పలక్కపోతే వాన లేదనుకోవాలా, మిషినే సచ్చిపోనాదనుకోవాలా? పాటొస్తే బతికున్నాదని తెలిసీది. ఇప్పుడు నోరు మూసుకున్నదాన్ని నమ్మి ఎలాగ పోతాం?"

లక్ష్మణమ్మ తాటాకు కింద పడేసి నా వైపు చూసింది. "ఆ పాప ఏదమ్మా? ఒంట్లో బాగోనేదా?"

బాగోలేదన్నాను. "అయితే ఉండనీ. లేసినాకే పాడతాది," అని మళ్లీ వంగి ఆకు పరవడం మొదలెట్టింది.

రోజూ ఇదే వరస. చీకటి పడేదాకా కప్పుతారు, తెల్లారాక తీస్తారు. ఆ పనికే సగం పూట పోతోంది. నా గొంతుతో "వాన లేదు" అని చెప్పించి చూశాను. నా గొంతు వినగానే వాన అనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు నాన్నగారు నవ్వీ నవ్వీ కన్నీళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

అనూ


విజయనగరం
ఏప్రిల్, 2012

అనూ,

నీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. మధ్యాహ్నం నిద్రలో ఉప్పుమడుల మీద నడుస్తున్నాను. కాలి కింద ఆకాశం. ఎక్కడినుంచో పాట వస్తోంది, ఎవరిదో తెలియదు, ఎంత బాగుందో అనుకుంటున్నాను. లేచాక కాసేపు అది నాదని గుర్తు రాలేదు. అలా వినడం నాకెప్పుడూ కుదరలేదు అనూ. పాడేవాళ్లకి తమ పాట వినపడదు. ఎక్కడ జారుతుందో అన్న భయమే వినపడుతుంది.

లక్ష్మణమ్మ అడిగిన మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఏదమ్మా ఆ పాప, అని. నోరు మూసుకున్నదాన్ని పట్టుకుని మీ మడుల్లో అందరూ ఎలా తంటాలు పడుతున్నారో చదువుతూంటే మా ఇల్లే కనపడింది.

పాట పెట్టుకో. హద్దు జరపడం ఇలాగ.

హద్దులు రెండున్నాయి. ఒకటి షమ్‌మ్యాక్స్. ఒక్క వసారా ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పేది. దాన్ని బైట్లలో రాయాలి. రెండోది షమ్‌ఆల్. సిస్టమ్‌లో ఉన్న వసారాలన్నీ కలిపి ఎంత ఉండొచ్చో చెప్పేది. దాన్ని బైట్లలో కాదు, పేజీల్లో రాయాలి. ఒక పేజీ అంటే నాలుగు వేల తొంభై ఆరు బైట్లు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మొదటిది జరిపి రెండోది మర్చిపోతే 'ఇన్వాలిడ్' అనడం మానేసి 'మెమరీ ఇవ్వలేను' అంటుంది. మాట మారిందంటే మొదటి గోడ దాటి రెండో గోడ దగ్గర నిలబడ్డావని అర్థం.

నీ పెట్టెలో ఒక జీబీ మెమరీ ఉంటుంది కాబట్టి అరవై నాలుగు ఎంబీలు ఇచ్చినా దానికి ఇబ్బంది లేదు. షమ్‌మ్యాక్స్ 67108864. షమ్‌ఆల్ 16384. రెండూ సిస్‌సీటీఎల్ ఆజ్ఞతో ఇవ్వు. వెంటనే అమల్లోకి వస్తాయి. మిగతాది వెనక పేజీలో రాశాను.

విశాలి

(వెనక పేజీ)

ఆజ్ఞతో ఇచ్చిన హద్దు ఆ పెట్టె మేలుకుని ఉన్నంతసేపే. ఒకసారి ఆగి మళ్లీ లేచిందంటే పాత హద్దుకే పోతుంది. అందుకని అవే రెండు వరుసలు ఈటీసీ అనే ఫోల్డర్లో ఉన్న సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైల్లో కూడా రాయి. లేచినప్పుడల్లా అది చదువుకుని లేస్తుంది. ఇది తప్పకుండా చెయ్యి.


నౌపడ
మే, 2012

ఒసే విశాలీ,

తిట్టడానికి సిద్ధంగా కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే అయింది. తొందరలో మొదటి అంకె మాత్రమే కొట్టాను. మాట మారింది. రెండోది కూడా కొట్టాను. ప్రోగ్రాం లేచింది. ఆ సాయంత్రం నీలాంబరి వచ్చింది. లక్ష్మణమ్మ పార అలాగే పట్టుకుని, "లేసినాదమ్మా పాప," అంది. సూరయ్య కాళ్లు కడుక్కుని ఇంటికి పోయాడు. ఆ సంబరంలో నేను నీ ఉత్తరం వెనక పేజీ తిప్పనే లేదు.

తర్వాత ఏమైందో విను. నాలుగైదు వారాలు రోజూ పాట వచ్చింది. మొన్న ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చాలాసేపటికి వచ్చింది. పెట్టె లేచింది కానీ ప్రోగ్రాం లేవలేదు. మళ్లీ 'ఇన్వాలిడ్'. నేను ఆ వేళ శ్రీకాకుళంలో ఉన్నాను. ఇదేమీ నాకు తెలియదు. తిరిగి వస్తూంటే మా వైపు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదని రైల్లో ఎవరో అన్నారు. అంతలోనే టెక్కలి కొండల మీద మబ్బు కనిపించింది. కొండ దగ్గర పరికరం కబురు పంపే ఉంటుంది, అందుకునేవాళ్లు లేరు. కిటికీ ఊచలు పట్టుకుని, అయిపోయింది, ఈ ఏటి ఉప్పు అయిపోయింది అనుకుంటూ వచ్చాను.

స్టేషన్ దిగి మడుల దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. ఈదురుగాలి. చూస్తే రాశులన్నీ కప్పేసి ఉన్నాయి. తాటాకుల మీద టార్పాలిన్లు, వాటి మీద రాళ్లు. జనమంతా పాక కింద నిలబడి తడిసిన తలలు తుడుచుకుంటున్నారు.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"పాప సెప్పినాది," అన్నాడు సూరయ్య.

"పాట రాలేదు కదా?"

"రాలేదు గాబట్టే. ఏలకి రావలసిన పాట రాలేదు. ఏదో ఉన్నాదిలే అని అందరం కలిసి కప్పీసినాం."

వాన చాలాసేపు కురిసింది. పాక కింద నిలబడి చూస్తూంటే మడులన్నీ తెల్లగా పొగలా లేచిపోతున్నట్టున్నాయి. ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. అప్పుడు తిప్పాను వెనక పేజీ. ఫైల్లో రాసేశాను. పెట్టెని ఆపి, లేపి, ఆపి, లేపి చూశాను. ఇప్పుడు దానంతటదే లేస్తోంది.

లక్ష్మణమ్మ నిన్ను చూస్తానంటోంది. ఒకసారి రా. మీ తాతగారిని కూడా తీసుకురా. వింటారు.

అనూ


విజయనగరం
జూన్, 2012

అనూ,

నువ్వు స్టేషన్‌లో చెయ్యి ఊపి వెనక్కి తిరిగాక జరిగింది రాస్తున్నాను. అంతకుముందు జరిగింది కూడా నీకు చెప్పలేదు. మడుల దగ్గర అందరి మధ్యా కుదరలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున్న తాతగారు ఎప్పటిలాగే ఫిడేలు తీశారు. నేను పలక పక్కన పెట్టి వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచాను. లోపలినుంచి ఎవరో ముసలావిడ మాట్లాడినట్టు వచ్చింది.

"తాతగారూ, నాకింక పాట రాదు."

ఆయన బిరడా తిప్పుతూనే ఉన్నారు. "తెలుసమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు దగ్గావు కదా. అప్పుడే తెలిసింది."

"మరి రోజూ నా శ్రుతికి ఎందుకు కడుతున్నారు?"

"మానేస్తే, నాకు తెలిసిందని నీకు తెలిసిపోతుంది కదా," అన్నారు. అమ్మ కాఫీ తెచ్చి, మా మొహాలు చూసి, గ్లాసులు కింద పెట్టి తనూ కూర్చుంది.

అప్పుడు ఆయనకి మీ మైకుల సంగతి చెప్పాను. వెళ్దాం అన్నారు.

ఆ సాయంత్రం నువ్వూ ఉన్నావు. మూడు మైకుల్లోంచి పాట లేచినప్పుడు ఆయన కళ్లు మూసుకోలేదు. చెప్పులు విడిచి గట్టు మీద నిలబడి మడుల్లో కదిలే పారల్ని చూస్తూ విన్నారు. లక్ష్మణమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది, ఉప్పుకి బీటలు వారిన అరచెయ్యి. ఆవిడకి నేనేం చెప్పాలో తోచక, "బాగుందా?" అన్నాను బొంగురు గొంతుతో. ఆవిడ నా గొంతు విని తల తిప్పి చూసింది. "ఇదీ నీదే, అదీ నీదే," అంది. అంతే అంది.

రైలు కదిలాక తాతగారు చాలా దూరం కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు. పొలాలు మసకబారుతున్నాయి. నేను నిద్రపోయారేమో అనుకున్నాను.

"అందులో ఇంకా చోటుందా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఎందులో తాతగారూ?"

"అదే, వసారా అన్నావే."

ఇప్పుడున్నదానికి మించి ఎంత కావాలన్నా హద్దు జరపవచ్చని చెప్పాను. పెట్టెలో మెమరీ ఉండాలి, రెండు అంకెలూ మార్చాలి, అంతే అన్నాను. ఆయన తల ఊపారు. ఒక నాలుగు నిమిషాలకి చోటు చెయ్యమన్నారు.

కాబట్టి ఇవి రాసుకో. షమ్‌మ్యాక్స్ 134217728. షమ్‌ఆల్ 32768. వచ్చేవారం సీడీ పంపుతాను. తాతగారు పొద్దున్నించీ ఫిడేలు కమానుకి రోజిన్ పట్టిస్తున్నారు. ఏం వాయిస్తారని రైల్లోనే అడిగాను.

"నీలాంబరే," అన్నారు. "నువ్వు ఆపేసిన దగ్గర్నించీ."

విశాలి